క్రోన్స్ అనే పేగుల జబ్బుకి బయోలాజిక్ ఇంజెక్షన్ మొదలుపెట్టమంటున్నారు, మొదలుపెట్టాలా, ఇంకొన్నాళ్లు ఆగాలా?

కాకినాడ_కుర్రాడు
శనివారం రాత్రి 11:50

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి. కాస్త పెద్దదవుతుంది, ఓపిగ్గా చదవండి.

నాకు 28. సొంతూరు కాకినాడ, ఉద్యోగం హైదరాబాద్‌లో, మియాపూర్‌లో ఇద్దరు ఫ్రెండ్స్‌తో కలిసి ఉంటాను. నాలుగేళ్ల కిందట కడుపునొప్పి, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడంతో మొదలైంది. కొలొనోస్కోపీ చేస్తే చిన్నపేగు చివర పుండ్లు కనిపించాయి. బయాప్సీలో ఏదీ తేలలేదు, మన దగ్గర ముందు టీబీనే అనుకోవాలి అని ఆరు నెలలు టీబీ మందులు వాడించారు. అవి అయిపోయాక మళ్లీ చూస్తే పుండ్లు అలాగే ఉన్నాయి. అప్పుడు క్రోన్స్ అన్నారు, అంటే పేగుల్లో వాపు, పుండ్లు వచ్చి ఏళ్ల తరబడి ఉండే జబ్బు.

అప్పటి నుంచి ఒకటే వరస. వైసోలోన్ అనే స్టెరాయిడ్ మాత్ర 40 మి.గ్రా.తో మొదలుపెట్టడం, వారానికి 5 చొప్పున తగ్గించుకుంటూ రావడం, 15కి దిగేసరికి మళ్లీ కుడివైపు కింద మెలిపెట్టడం. ఏడాదిన్నరలో మూడుసార్లు ఇదే జరిగింది. రోగనిరోధక శక్తిని తగ్గించే అజథయోప్రిన్ మాత్ర 100 మొదలుపెట్టి 14 నెలలైంది. నా బరువు 58 కిలోలు. పోయిన నెల మలం పరీక్షలో పేగు వాపును చూపించే కాల్‌ప్రొటెక్టిన్ 840 వచ్చింది. ఎంఆర్ ఎంటెరోగ్రఫీలో, అంటే పేగుకి తీసే ఎంఆర్‌ఐలో, 18 సెంటీమీటర్ల మేర పేగు గోడ మందంగా ఉందని, ఒకచోట కాస్త సన్నబడింది కానీ దాని వెనక పేగు ఉబ్బలేదని రాశారు.

డాక్టర్ గారు ఇక స్టెరాయిడ్ ఆపేద్దాం, బయోలాజిక్ ఇంజెక్షన్లు అడాలిముమాబ్ గానీ ఇన్‌ఫ్లిక్సిమాబ్ గానీ మొదలుపెడదాం అన్నారు. అమ్మ ఒప్పుకోవడం లేదు. ఆ మందు వేస్తే ఒంట్లో రోగనిరోధక శక్తి పోతుంది, మళ్లీ టీబీ వస్తుంది, క్యాన్సర్ కూడా రావచ్చు అని ఎవరో చెప్పారట. నిజం చెప్పాలంటే నాకూ భయంగానే ఉంది. ఇప్పుడు వైసోలోన్ 20 మీద ఉన్నాను, బాగానే ఉన్నాను, అన్నం తింటున్నాను. బాగున్నప్పుడు ఇంత పెద్ద మందు ఎందుకు అనిపిస్తుంది. బాగాలేనప్పుడు మాత్రం ఏదైనా వేసేయండి అనిపిస్తుంది. మీరు ఎలా నిర్ణయించుకున్నారో చెప్పండి.

---

ఉక్కునగరం_సిస్టర్
ఆదివారం ఉదయం 6:15

తమ్ముడూ, నేను విశాఖలో డేకేర్ వార్డులో నర్సుని, ఈ ఇంజెక్షన్లు, సెలైన్లు పెట్టడమే నా పని. డాక్టర్ని కాను, నా కళ్లతో చూసింది చెబుతాను.

నువ్వు రాసినదాంట్లో అన్నిటికంటే ముఖ్యమైన మాట ఏంటంటే 15కి దిగేసరికి మళ్లీ వస్తోంది అన్నది. "20 మీద బాగున్నాను" అంటే జబ్బు తగ్గిందని కాదు, స్టెరాయిడ్ దాన్ని కప్పి ఉంచిందని. కాల్‌ప్రొటెక్టిన్ 50 లోపు ఉంటే మామూలు, 250 దాటితే లోపల వాపు రగులుతున్నట్టే లెక్క, నీది 840. ఏడాదిన్నరలో మూడు కోర్సులు స్టెరాయిడ్ వాడావు, దానికి మూల్యం ఎముకలు, కళ్లు, షుగరు ఏదో ఒక రూపంలో కడుతూనే ఉంటావు. మీ అమ్మగారు కొత్త మందుకి భయపడుతున్నారు, మంచిదే, కానీ ఇప్పుడు నువ్వు మింగుతున్న దానికి ఎవరూ భయపడటం లేదు. మా వార్డుకి వచ్చేవాళ్లలో ఇన్ఫెక్షన్‌తో ఎక్కువ ఇబ్బంది పడేది ఎక్కువ మోతాదు స్టెరాయిడ్ నెలల తరబడి లాగినవాళ్లే.

ఎముకల సాంద్రత పరీక్ష చేయించావా? విటమిన్ డి?

---

నాన్న_కోసం
ఆదివారం ఉదయం 9:40

అమ్మగారి భయం ఉత్తది కాదు. మా నాన్నగారికి ఐదేళ్ల కిందట ఇన్‌ఫ్లిక్సిమాబ్ మొదలుపెట్టారు. మూడో డోసు అయ్యాక రాత్రుళ్లు చెమటలు, దగ్గు. మామూలు జలుబే అని రెండు వారాలు తిప్పారు, ఆఖరికి ఊపిరితిత్తుల్లోనూ, మెడ గడ్డల్లోనూ టీబీ అని తేలింది. మందు మొదలుపెట్టే ముందు ఛాతీ ఎక్స్‌రే ఒక్కటే తీశారు. చేతి మీద వేసే టీబీ పరీక్ష మాంటూ లేదు, రక్తపరీక్ష లేదు, ఇంట్లో ఎవరికైనా ఉండేదా అని అడగనే లేదు. మా తాతయ్యకి టీబీ ఉండేది, అడిగి ఉంటే చెప్పేవాళ్లం.

నాన్నగారు బతికారు, ఇప్పుడు బాగున్నారు, కానీ ఆ ఏడాది మా ఇంట్లో ఎవరం సరిగ్గా నిద్రపోలేదు. మందు వద్దని నేను చెప్పను. పరీక్షలు పూర్తిగా చేయకుండా మొదటి డోసు ఎక్కించుకోవద్దని మాత్రం చేతులు జోడించి చెబుతాను.

---

డాలస్_నుంచి
ఆదివారం ఉదయం 10:25

పైన అన్నగారు చెప్పింది అక్షరాలా నిజం, దాని వెనక కారణం కూడా చెబుతాను. మన ఒంట్లో టీబీ క్రిమి చిన్నప్పుడే చేరి ఉండొచ్చు, శరీరం దాని చుట్టూ గోడలా కణాలను పేర్చి బంధించి ఉంచుతుంది. ఆ గోడ నిలబడటానికి కావలసింది టీఎన్ఎఫ్ అనే పదార్థం. ఈ ఇంజెక్షన్లు అడ్డుకునేది సరిగ్గా దాన్నే. పేగులో వాపు తగ్గేది అందుకే, గోడ కూలేదీ అందుకే. అమెరికాలో ఇన్‌ఫ్లిక్సిమాబ్‌ని క్రోన్స్‌కి 1998లో అనుమతించారు, 2001 నాటికే ఆ మందు వాడినవాళ్లలో వచ్చిన 70 టీబీ కేసుల గురించి పేపర్ వచ్చింది. అప్పటి నుంచే ముందు పరీక్ష తప్పనిసరి చేశారు.

నేను 2019 నుంచి ఇక్కడ ఉస్టెకినుమాబ్ అనే ఇంకో బయోలాజిక్ మీద ఉన్నాను, దానికి ముందు అడాలిముమాబ్ రెండేళ్లు బాగా పనిచేసి తర్వాత మందుకి వ్యతిరేకంగా ఒంట్లో యాంటీబాడీలు వచ్చి ఆగిపోయింది.

బ్రదర్, నువ్వు అడిగిన అసలు ప్రశ్న ఆగాలా వద్దా అని కదా. దాని మీద గట్టి పరిశోధనలు రెండు ఉన్నాయి. 2010లో సోనిక్ అని ఒకటి. ఆరు నెలలకి స్టెరాయిడ్ అవసరం లేకుండా బాగున్నవాళ్లు ఒక్క అజథయోప్రిన్ మీద 30 శాతం, ఒక్క ఇన్‌ఫ్లిక్సిమాబ్ మీద 44, రెండూ కలిపితే 57. 2024లో బ్రిటన్ నుంచి ప్రొఫైల్ అని ఇంకోటి. జబ్బు కొత్తగా బయటపడ్డవాళ్లకి మొదటి నుంచే ఇన్‌ఫ్లిక్సిమాబ్ కాంబినేషన్ ఇస్తే ఏడాదికి 79 శాతం మందికి స్టెరాయిడ్, ఆపరేషన్ లేకుండా జబ్బు అదుపులో ఉంది, మెట్టు మెట్టుగా పెంచుకుంటూ పోయినవాళ్లలో 15 శాతం. నీకు నాలుగేళ్లయింది కాబట్టి ఆ అంకె నీకు అలాగే వర్తించదు. కానీ అన్నీ ఫెయిలయ్యాకే పెద్ద మందు అనే పాత పద్ధతి వల్ల ఏం పోతుందో అర్థమవుతుంది.

---

ఓరుగల్లు_వాసి
ఆదివారం మధ్యాహ్నం 2:10

నేను ఆగాను. ఎందుకు ఆగానో, ఏం పోగొట్టుకున్నానో రాస్తాను, ఇది చదివి ఒక్కరైనా నాలా చేయకపోతే చాలు.

2016లో నాకు ఇదే మాట చెప్పారు. నేనూ నీలాగే బాగున్నాను కదా అనుకున్నాను. మా మేనమామ ఒకాయన దగ్గరికి తీసుకుపోయాడు, ఆయన ఆకు పసరు, ఒక పొడి ఇచ్చి, ఇంగ్లిష్ మందులన్నీ ఆపేయమన్నాడు. అజథయోప్రిన్ కూడా ఆపేశాను. మూడు నెలలు నిజంగానే బాగున్నాను, అందరికీ చెప్పాను కూడా. ఆ తర్వాత అన్నం తిన్న గంటకి కడుపు బిగుసుకుపోయి, బొడ్డు పక్కన పాము కదిలినట్టు పేగు కదలడం చర్మం మీద కనిపించేది. మా ఆవిడ చేయి పెట్టి చూసి ఏడ్చేది. గుడగుడమని శబ్దం, తర్వాత పచ్చగా వాంతులు.

సంక్రాంతి ముందురోజు ఎమర్జెన్సీలో పడ్డాను. పేగు పూర్తిగా మూసుకుపోయింది. 40 సెంటీమీటర్లు తీసేశారు, నాలుగు నెలలు పొట్ట మీద సంచి. వాపు ఉన్నప్పుడైతే మందుకి తగ్గుతుందట, అది మానీ మానీ మచ్చ కట్టి గట్టిపడ్డాక ఏ ఇంజెక్షనూ దాన్ని వెడల్పు చేయలేదట. ఈ సంగతి సర్జన్ నాకు ఆపరేషన్ అయ్యాక చెప్పారు.

నీ రిపోర్టులో సన్నబడింది కానీ వెనక ఉబ్బలేదు అని ఉంది చూడు, ఆ వాక్యం నాకూ 2016లో ఉంది.

---

కాకినాడ_కుర్రాడు
ఆదివారం రాత్రి 10:05

అన్నా, మీది మూడుసార్లు చదివాను. అమ్మకి ఫోన్‌లో చదివి వినిపించాను. కాసేపు ఏం మాట్లాడలేదు.

సిస్టర్ గారూ, ఎముకల పరీక్ష చేయించలేదు, ఎవరూ చెప్పలేదు. విటమిన్ డి 11 ఉంది.

నాన్న_కోసం అన్నగారూ, మీ నాన్నగారికి నా నమస్కారాలు. నాకు ఒక అనుమానం వచ్చింది. నేను ఆల్రెడీ ఆరు నెలలు టీబీ మందులు వాడాను కదా, మళ్లీ పరీక్ష అవసరమా?

ఇంకో రెండు ప్రశ్నలు. ఒకటి క్యాన్సర్ సంగతి. రెండు డబ్బు. నాన్నగారు రిటైర్ అయ్యారు, చెల్లి చదువు నా మీదే ఉంది. నెల నెలా ఎంతవుతుందో తలుచుకుంటేనే టెన్షన్.

---

ఉక్కునగరం_సిస్టర్
ఆదివారం రాత్రి 11:20

అవసరమే. వాడిన తర్వాత కొత్తగా అంటుకుని ఉండొచ్చు కదా. నలుగురితో కలిసి ఉంటావు, బస్సులో, మెట్రోలో తిరుగుతావు. రక్తంతో చేసే టీబీ పరీక్ష ఇగ్రా, చేతి మీద వేసే మాంటూ, ఛాతీ ఎక్స్‌రే, అనుమానం ఉంటే సీటీ. ఒక మెలిక ఉంది, స్టెరాయిడ్, అజథయోప్రిన్ మీద ఉన్నవాళ్లకి ఈ పరీక్షలు టీబీ ఉన్నా లేనట్టు చూపించవచ్చు. అందుకే ఒకే పరీక్ష చూసి నమ్మకూడదు. నీ పాత మందుల చీటీలన్నీ, ఎన్ని నెలలు, ఏ మోతాదు, అవన్నీ ఊపిరితిత్తుల డాక్టర్‌కి చూపించు. దీనితోపాటు హెపటైటిస్ బి, సి, హెచ్ఐవి పరీక్షలు కూడా. హెపటైటిస్ బి లోపల దాగి ఉంటే ఈ మందుతో లేచి కూర్చుంటుంది.

టీకాలు కూడా ముందే చూసుకో. ఫ్లూ, న్యుమోనియా, హెపటైటిస్ బి టీకాలు వేయించుకోవచ్చు. బతికున్న క్రిమితో చేసే టీకాలు మాత్రం ఇప్పుడు నీకు కుదరవు.

---

డాలస్_నుంచి
సోమవారం తెల్లవారుజామున 4:30

క్యాన్సర్ మాట మీద. ఎక్కువగా భయపెట్టేది లింఫోమా, తెల్ల రక్తకణాల్లో వచ్చే క్యాన్సర్. హెపాటోస్ప్లీనిక్ టీ సెల్ లింఫోమా అని ఒక రకం ఉంది, చాలా చాలా అరుదు, కానీ వస్తే ప్రాణం మీదకే. అది కనిపించింది ఎక్కువగా 35 ఏళ్ల లోపు మగవాళ్లలో, అందులోనూ అజథయోప్రిన్ లాంటిది రెండేళ్లకు పైగా వాడుతూ దానికి టీఎన్ఎఫ్ మందు కలిపినవాళ్లలో. అంటే నువ్వు ఆ వయసు గుంపులో ఉన్నావు, దాచిపెట్టడం నాకు ఇష్టం లేదు. కానీ గమనించు, ఆ రిస్కులో పెద్ద వాటా నువ్వు ఇప్పటికే మింగుతున్న అజథయోప్రిన్‌ది.

అందుకని డాక్టర్‌ని ఇలా అడుగు: రెండూ కలిపి ఎన్నాళ్లు? తర్వాత అజథయోప్రిన్ ఆపొచ్చా? ఇన్‌ఫ్లిక్సిమాబ్‌తో కలిపితే మేలు అని సోనిక్‌లో తేలింది, అడాలిముమాబ్ విషయంలో కలపడం వల్ల లాభం అంత స్పష్టంగా లేదు. చాలామంది డాక్టర్లు ఆరు నెలలో ఏడాదో కలిపి, బాగుంటే ఒకటి తీసేస్తారు. ఈ ప్రశ్న అడిగితే ఏ డాక్టరూ ఏమీ అనుకోరు.

వెడోలిజుమాబ్ అని ఇంకో బయోలాజిక్ ఉంది, దాని గురించి కూడా అడుగు. అది ముఖ్యంగా పేగు దగ్గరే పనిచేస్తుంది, టీబీ భయం తక్కువ. కాకపోతే నెమ్మది, పైగా ఖర్చు.

---

ఇందూరు_రైతుబిడ్డ
సోమవారం ఉదయం 7:00

ఎవరూ ఆపరేషన్ మాట ఎత్తలేదు కాబట్టి నేను ఎత్తుతున్నా. ఓరుగల్లు అన్నకి ఎమర్జెన్సీలో అయింది, అది వేరు. నాది ముందే తేదీ పెట్టుకుని, లాప్రోస్కోపీలో చేయించుకున్నది. నాకు ఇన్‌ఫ్లిక్సిమాబ్ పెట్టుకునే స్తోమత లేదు. జబ్బు కూడా తమ్ముడికి ఉన్నట్టే చిన్నపేగు చివర ఒక్కచోటే, 20 సెంటీమీటర్ల లోపు. మా డాక్టర్ గారే చెప్పారు, నెదర్లాండ్స్, బ్రిటన్‌లో ఇలాంటివాళ్లకి ఒకవైపు ఆపరేషన్, ఒకవైపు ఇన్‌ఫ్లిక్సిమాబ్ ఇచ్చి పోల్చి చూస్తే ఏడాది తర్వాత రెండువైపులా జీవితం దాదాపు ఒకేలా ఉందని, 2017లో వచ్చిందట ఆ పేపర్.

ఆరో రోజు ఇంటికొచ్చిన. రెండో నెలలో ట్రాక్టర్ ఎక్కిన. నాలుగేళ్లు దాటింది.

పూర్తిగా చెప్పాలి కాబట్టి చెబుతున్నా, కోసి కలిపినచోట జబ్బు మళ్లీ రావొచ్చు, అందుకే ఆరు నెలలకి, తర్వాత ఏడాదికి కొలొనోస్కోపీ చేశారు, చిన్న పుండ్లు కనబడితే అజథయోప్రిన్ మళ్లీ పెట్టారు. బీ12 పీల్చుకునేది ఆ చివరి భాగమే కాబట్టి నాకు బీ12 ఇంజెక్షన్ తప్పదు. బీడీ మానేసిన, అది ముందు మానెయ్యాలన్నారు. నువ్వు సిగరెట్ తాగుతావా తమ్ముడూ? తాగితే ఇంజెక్షన్ సంగతి తర్వాత, ముందు అది ఆపు.

---

కాకినాడ_కుర్రాడు
సోమవారం ఉదయం 8:45

ఆఫీసులో టీ బ్రేక్‌లో ఒకటి, రాత్రి ఒకటి. ఈరోజు నుంచి మానేస్తున్నాను అన్నా. ఇక్కడ రాసినందుకైనా మానాలి.

---

బెజవాడ_అక్క
సోమవారం మధ్యాహ్నం 1:30

నాకు 46 ఏళ్లు. 2012 నుంచి ఇన్‌ఫ్లిక్సిమాబ్. ఎనిమిది వారాలకోసారి వెళ్లి, రెండు గంటలు సెలైన్ ఎక్కించుకుని, ఇంకో గంట కూర్చోబెడతారు, మధ్యాహ్నానికి ఇంటికొచ్చి వంట చేస్తాను. మా అబ్బాయి పుట్టినప్పుడు మొదలైన జబ్బు, వాడు ఇప్పుడు ఇంజనీరింగ్.

డబ్బు గురించి నేను చెబుతాను, ఎందుకంటే నేను చేసిన తప్పు డబ్బు దగ్గరే. మూడో ఏడాది మా వారి వ్యాపారం దెబ్బతింది. బాగానే ఉన్నాను కదా అని డోసులు మానేశాను. ఏడు నెలల తర్వాత జబ్బు తిరగబెడితే మళ్లీ వెళ్లాను. సెలైన్ మొదలైన పది నిమిషాలకి మొహం అంతా ఎర్రబడి, ఛాతీ పట్టేసి, గాలి అందలేదు. సిస్టర్ పరుగున వచ్చి ఆపేసింది. మధ్యలో ఆపి మళ్లీ మొదలుపెడితే ఒళ్లు ఆ మందుని శత్రువులా చూస్తుందట. తర్వాత చాలా జాగ్రత్తగా, ముందు మందులు ఇచ్చి, నెమ్మదిగా ఎక్కించి దారిలో పెట్టారు, అందరికీ అలా కుదరదు.

అందుకని నాన్నా, మొదటి డోసుకి డబ్బు ఉందా అని కాదు, ఏడాదికి సరిపడా దారి ఉందా అని చూసుకుని మొదలుపెట్టు. ఇన్‌ఫ్లిక్సిమాబ్ కిలోకి 5 మి.గ్రా. లెక్క, సీసా 100 మి.గ్రా., నీ బరువుకి మూడు సీసాలు పడతాయి. మొదటిది, రెండు వారాలకి, ఆరు వారాలకి, తర్వాత ఎనిమిది వారాలకోసారి. అడాలిముమాబ్ అయితే మొదట 160, రెండు వారాలకి 80, ఆపై రెండు వారాలకోసారి 40, ఇంట్లోనే వేసుకోవచ్చు. రెండింటికీ మన దేశంలో తయారైన బయోసిమిలర్లు, అంటే అసలు మందులాగే పనిచేసేలా వేరే కంపెనీలు చేసేవి, ఉన్నాయి, 2014లో అడాలిముమాబ్‌కి ప్రపంచంలోనే మొదటి బయోసిమిలర్ తెచ్చింది మన జైడస్ వాళ్లే. నేను బయోసిమిలర్‌కి మారి ఎనిమిదేళ్లు దాటింది, తేడా ఏమీ తెలియలేదు. రెండు మూడు కంపెనీల ధరలు కనుక్కో, పేషెంట్లకి కంపెనీలు ఇచ్చే సాయం గురించి ఫార్మసీలో కాదు, డాక్టర్ దగ్గర కోఆర్డినేటర్‌ని అడుగు.

ఆఫీసు ఇన్సూరెన్స్ ఉంటుంది కదా. 2019లో ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఇచ్చిన ఆధునిక చికిత్సల జాబితాలో మోనోక్లోనల్ యాంటీబాడీ ఇంజెక్షన్లు ఉన్నాయి, ఈ మందులు ఆ రకమే. ఆ కాగితం పట్టుకుని అడుగు. పరిమితి ఎంత పెట్టారో, ఇంట్లో వేసుకుంటే ఇస్తారా, ఆసుపత్రిలో డేకేర్ అయితేనే ఇస్తారా, రాతపూర్వకంగా తెప్పించుకో. చాలా పాలసీల్లో ఆ ఒక్క తేడాతోనే ఏ మందు అన్నది తేలిపోతుంది.

---

ఇందూరు_రైతుబిడ్డ
సోమవారం మధ్యాహ్నం 2:05

కార్డు ఉన్నవాళ్లు ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర దగ్గర కూడా అడగండి. తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ, ఆంధ్రాలో ఎన్టీఆర్ వైద్య సేవ. నాకు ఆపరేషన్ దాంట్లోనే అయింది.

---

ఒంగోలు_అమ్మ
సోమవారం రాత్రి 9:15

మా బాబుకి 14. వాడికి మొదట మందు కాదు, ఆరు వారాలు పూర్తిగా పోషకాల పాలు మాత్రమే ఇచ్చారు, అన్నం, కూర, మజ్జిగ ఏమీ లేదు. పిల్లల్లో అది స్టెరాయిడ్‌తో సమానంగా పనిచేస్తుందని చెప్పారు. నిజంగానే రక్తంలో వాపును చూపించే సీఆర్‌పీ మామూలైంది, నాలుగు కిలోలు పెరిగాడు. ఆరు వారాలూ మా ఇంట్లో ఆవకాయ జాడీ మూత తీయలేదు, వాడి ముందు ఎవరం తినేవాళ్లం కాదు, మా అత్తగారు వంటగది తలుపు వేసుకుని తినేవారు.

కానీ అన్నం మొదలయ్యాక మూడు నెలలకే మళ్లీ వచ్చింది. అప్పుడు అడాలిముమాబ్ పెట్టాం. సంతకం పెట్టేటప్పుడు నా చేయి వణికింది. ఇప్పుడు వాడి ఎత్తు ఏడాదిలో 7 సెంటీమీటర్లు పెరిగింది, తలుపు పక్కన గోడ మీద పెన్సిల్‌తో గీస్తున్నాను. అంతకుముందు రెండేళ్లు ఆ గీత కదల్లేదు.

బాబూ, మీ అమ్మగారు మాట్లాడాలంటే నేను మాట్లాడతాను. నంబరు మెసేజ్‌లో పెడతాను.

---

తెనాలి_కోడలు
సోమవారం రాత్రి 10:40

కుర్రాడు గారూ, మీరు రాయలేదు కానీ ఇంట్లో పెళ్లి మాట ఉండే ఉంటుంది. మా ఇంట్లో నా పెళ్లికి ముందు ఈ జబ్బు చెప్పొద్దన్నారు, నేను చెప్పే చేసుకున్నాను. ఇంజెక్షన్ ఆపకుండానే పాప పుట్టింది. ఈ మందులు గర్భంలో కొనసాగించమనే చెప్పారు, జబ్బు తిరగబెట్టడమే బిడ్డకి ఎక్కువ ప్రమాదమట. ఈ జబ్బుకి వాడే మెథోట్రెక్సేట్ అనే మందు మాత్రం అస్సలు కాదు, ఆడపిల్లలు ఎవరైనా చదువుతుంటే గుర్తుపెట్టుకోండి.

ఒక్క విషయం ఇక్కడ రాసి తీరాలి. మన దగ్గర బిడ్డ పుట్టగానే బీసీజీ వేసేస్తారు. అది బతికున్న క్రిమితో చేసే టీబీ టీకా, కడుపులో ఉండగా ఈ మందు అందిన బిడ్డకి కనీసం ఆరు నెలల దాకా వేయకూడదు. లేబర్ రూమ్‌లో నర్సుకి తెలియదు, మా అమ్మ తలుపు దగ్గర కాపలా ఉండి ఆపింది. కేస్‌షీట్ మీద ఎర్ర పెన్నుతో రాయించండి.

---

కాకినాడ_కుర్రాడు
తర్వాతి శనివారం రాత్రి 9:30

అక్కా, పెళ్లి మాట ఉంది. ఒక సంబంధం వాళ్లకి చెప్పాం, మళ్లీ ఫోన్ చేయలేదు. పర్లేదు.

డాక్టర్ దగ్గరికి ఈసారి అమ్మని కాకినాడ నుంచి రప్పించి తీసుకెళ్లాను. మీరు చెప్పిన ప్రశ్నలన్నీ కాగితం మీద రాసుకుని వెళ్లాను. ఆయన ఇరవై ఐదు నిమిషాలు కూర్చోబెట్టారు. ఆపరేషన్ కూడా తప్పు దారి కాదన్నారు, కానీ వాపు ఎక్కువ ఉంది, మచ్చ తక్కువ ఉంది, ముందు మందుకి ఒక అవకాశం ఇద్దాం, మూడు నాలుగు నెలల్లో కాల్‌ప్రొటెక్టిన్ దిగకపోతే సర్జన్‌తో కూర్చుందాం అన్నారు. అమ్మ ఒక్కటే అడిగింది, "ఇది మీ అబ్బాయికైతే వేస్తారా సార్" అని. ఆయన వెంటనే అవుననలేదు. కాసేపు రిపోర్టు చూసి, "టీబీ పరీక్షలన్నీ అయ్యాక వేస్తానమ్మా" అన్నారు. అమ్మ బయటికొచ్చి, "ఆలోచించి చెప్పాడు, నాకు అది చాలు" అంది.

ఇన్సూరెన్స్ డేకేర్ అయితే ఇస్తామంటున్నారు, పరిమితి ఉంది. అడాలిముమాబ్ బయోసిమిలర్ అయితే ఆ పరిమితి అయిపోయాక కూడా నా జీతంలో మోయగలను. అదే అనుకుంటున్నాం.

ఇగ్రా పాజిటివ్ వచ్చింది.

---

నాన్న_కోసం
తర్వాతి శనివారం రాత్రి 9:50

భయపడకు తమ్ముడూ. ముందే దొరికింది, మాకు దొరకలేదు. సీటీ ఏమంది?

---

కాకినాడ_కుర్రాడు
తర్వాతి శనివారం రాత్రి 10:10

సీటీలో ఏమీ లేదు అన్నా, జ్వరం, దగ్గు కూడా లేవు. మందులు వాడినా పాత టీబీ వల్ల పాజిటివ్ ఉండిపోవచ్చన్నారు, కానీ పోయినేడాది మా రూమ్మేట్‌కి టీబీ వచ్చి ఊరెళ్లిపోయాడు. ఆ మాట చెప్పగానే ఊపిరితిత్తుల డాక్టర్ నివారణకి ఐసోనియాజిడ్, దానితో బీ6 రాశారు, ఆరు నెలలు. కనీసం ఒక నెల అయ్యాకే ఇంజెక్షన్. ప్రభుత్వ టీబీ కేంద్రంలో ఉచితంగానే ఇస్తున్నారు. లివర్ పరీక్షలు మధ్యలో చూస్తారట, అజథయోప్రిన్ కూడా ఉంది కాబట్టి.

---

ఉక్కునగరం_సిస్టర్
తర్వాతి శనివారం రాత్రి 11:00

మంచి పని జరిగింది. ఈ నెలలో ఆకలి లేకపోవడం, కళ్లు పచ్చబడటం, మూత్రం ముదురు రంగు, ఏది కనిపించినా మాత్ర ఆపి వెంటనే ఫోన్ చెయ్యి, అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు. ఇంజెక్షన్ మొదలయ్యాక 100 దాటిన జ్వరం వచ్చినా అంతే.

పేగు సన్నబడ్డచోటు తెరుచుకునే దాకా మునగకాడలు, తోటకూర కాడలు, జామ గింజలు, చెరకు వద్దు. పప్పు మెత్తగా, కూర మెత్తగా.

---

కాకినాడ_కుర్రాడు
ఆరు వారాల తర్వాత, గురువారం రాత్రి 8:20

ఈరోజు మొదటి డోసు అయింది.

160 అంటే 40వి నాలుగు సిరంజీలు. ఫ్రిజ్‌లోంచి తీసి అరగంట బల్ల మీద పెట్టారు, చల్లగా ఉంటే మండుతుందని. తొడల మీద అటు రెండు, ఇటు రెండు. చీమ కుట్టినట్టు మొదలై చివర్లో చురుక్కుమంది, అంతే. అమ్మ పక్కనే కూర్చుని ఒక్కొక్కటి అవుతుంటే వేళ్లు మడుచుకుంటూ లెక్కపెట్టింది. నర్సు రెండోసారి నన్నే పట్టుకోమంది, ఇంట్లో వేసుకోవాలి కదా అని. చేయి వణికింది కానీ వేసుకున్నాను.

సిగరెట్ మానేసి 45 రోజులు. వైసోలోన్ 15. ఇంకా కుడివైపు పట్టేసినట్టే ఉంది, ఇవాళ్టికివాళే తగ్గదని తెలుసు. కాల్‌ప్రొటెక్టిన్ 12 వారాలకి మళ్లీ చేస్తారు.

ఒక సందేహం. రెండో డోసు తర్వాత ఊరెళ్లాలి, మియాపూర్ నుంచి కాకినాడ రాత్రి బస్సు. మూడోది అక్కడే వేసుకోవాలి. మా వీధిలో ఎండాకాలం కరెంటు పోతే మూడు నాలుగు గంటలు రాదు. మందు పాడవుతుందా?

---

ఉక్కునగరం_సిస్టర్
గురువారం రాత్రి 9:05

శభాష్ తమ్ముడూ.

2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డకట్టకూడదు. మూత గట్టిగా ఉన్న ఐస్ ఫ్లాస్క్ తీసుకో, ఐస్ ప్యాక్‌కి, సిరంజి డబ్బాకి మధ్య మందపాటి టవల్ చుట్టు, ఐస్‌కి నేరుగా తగిలితే గడ్డకట్టి పాడవుతుంది. బస్సులో లగేజీ డిక్కీలో పెట్టకు, ఒళ్లోనే ఉంచుకో. ఇంట్లో ఫ్రిజ్ తలుపులో కాదు, ఫ్రీజర్ కింద అరలో కాదు, మధ్య అరలో. కరెంటు పోతే తలుపు తెరవకుండా ఉంటే మూడు నాలుగు గంటలు చల్లదనం నిలుస్తుంది. ఒరిజినల్ బ్రాండు 25 డిగ్రీలు దాటకపోతే 14 రోజులు బయట ఉండొచ్చు, కానీ మన ఎండల్లో 25 ఎక్కడుంటుంది, పైగా నీది బయోసిమిలర్, డబ్బాలోని కాగితం మీద దాని లెక్క ఏముందో చదివి అదే పాటించు.

---

బెజవాడ_అక్క
గురువారం రాత్రి 9:40

బస్సు మా ఊరి మీదుగానే పోతుంది నాన్నా. దారిలో ఏ ఇబ్బంది వచ్చినా ఫోన్ చెయ్యి, బస్టాండ్‌కి ఐస్ తెచ్చి ఇస్తాను, ఎంత రాత్రయినా.